చివరి బొమ్మ

వంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడు. బురద మెట్ల మీద వడ్రంగి భార్య జారిపడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ, నొప్పి కాలిలోకి దిగి కూర్చుంది. వంతెన మళ్లీ కట్టారు. నొప్పి మాత్రం పోలేదు.

మాట ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది. "ఇవాళ కాస్త పర్లేదయ్యా" అనేది. "ఇవాళ ప్రాణం తోడేస్తోంది" అనేది. ఆ తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నొప్పి ఎంతుందో చెప్పే దారి మూసుకుపోయింది.

ఆసుపత్రిలో నొప్పులకని విడిగా ఒక విభాగం ఉంది. మేడ మీద, నడవా చివరి గది. అక్కడికి వచ్చేవాళ్లంతా మిగతా గదులన్నీ తిరిగి వచ్చినవాళ్లే.

ఆ గదిలో ఒక అట్ట ఉండేది. దాని మీద వరసగా మొహాలు. మొదటిది నవ్వుతుంటుంది. పక్కదానిలో నవ్వు కాస్త తక్కువ. అలా పోయి పోయి చివరిది ఏడుపు మొహం. మాట లేనివాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. దాన్నిబట్టి మందు.

నర్సు పట్టుకుంటే ఆమె బెదిరిపోయి తల తిప్పేసుకునేది. అందుకని వడ్రంగే ఎదురుగా స్టూలు వేసుకుని, అట్టను గడ్డం కింద పట్టుకుని కూర్చునేవాడు.

"నొప్పి ఎంతుందమ్మా? ఏ మొహమో చూపించు" అనేది నర్సు.

ఆమె చాలాసేపు చూసేది. అతన్ని చూసేది, అట్టను చూసేది. వేలు వెళ్లి చివరి బొమ్మ మీద ఆగేది.

"పెద్దాయనా, మీరెందుకెప్పుడూ ఆముదం తాగినట్టుంటారు?" అని నర్సు ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"పుట్టుకతోనే ఇంతే తల్లీ. పెళ్లిలో కూడా ఇదే మొహం. పెళ్లికొడుకు వాళ్లింట్లో ఎవరు పోయారే అని వాళ్లమ్మని అడిగిందట ఇది."

నర్సు నవ్వింది. అతను నవ్వలేదు.

డాక్టరమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. మాత్రలు మార్చింది. వెన్నులో సూది వేసింది. కాలికి కరెంటు పట్టీలు కట్టించింది. ఎన్ని చేసినా వేలు అక్కడికే పోయేది.

"మూలగదు. కాలు ముట్టుకుంటే లాక్కోదు" అంది ఒకరోజు, తనలో తను అనుకుంటున్నట్టు. "లోపల ఎంత ఓర్చుకుంటోందో."

మందు పెంచింది.

మందు పెరిగే కొద్దీ మనిషి తగ్గింది. గరిటె తిప్పిన చెయ్యి చెంచా పట్టలేకపోయింది. కిటికీ దగ్గర కూర్చోబెడితే కూర్చున్నట్టే నిద్రపోయేది. పొద్దున మాత్రం, ఇంకా మందు వెయ్యకముందు, కాసేపు కళ్లు తేటగా ఉండేవి. ఆ కాసేపూ అతని మొహంలోకే చూసేది. ఆ చూపు తట్టుకోలేక అతను తలుపు చెక్క చిత్రిక పట్టే పని ఉందని వసారాలోకి పోయేవాడు.

చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ గది తలుపు దగ్గరగా వేసింది. చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంక నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. నొప్పి తెలీదు. ఇంకేదీ కూడా తెలీదు."

"నన్ను గుర్తుపడుతుందామ్మా?"

డాక్టరమ్మ సీసా వంక చూసింది.

"మొదలుపెట్టాక చెప్పలేనండీ. ఈ అట్ట మీతో తీసుకెళ్లండి. రేపు పొద్దున ఇంకొక్కసారి అడగండి. అప్పుడూ చివరి బొమ్మే అయితే వేసెయ్యండి. నొప్పితో ఉంచడం పాపం."

గుమ్మం దగ్గర నర్సు అతని భుజం పట్టుకుంది.

"పెద్దాయనా, రేపొక్కరోజైనా నవ్వుతూ కనబడండి. ఆవిడకి ఆఖరున ఆ మొహం మిగలనీ."

"అలవాటు లేదు తల్లీ."

"నేర్చుకోండి. పళ్లింకా ఉన్నాయిగా."

మర్నాడు పొద్దున అతను గడ్డం గీసుకున్నాడు. అద్దం ముందు నిలబడి, తలుపు రెక్క సరిగ్గా పడుతుందో లేదో చూసినట్టు, పెదాలు అటూ ఇటూ లాగి చూసుకున్నాడు. సీసా మూత తీసి అందేచోట పెట్టాడు. ఆమె ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, అట్టను గడ్డం కింద పట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"నొప్పి ఎంతుందే? ఏ మొహం?"

ఆమె అతన్ని చూసింది, అట్టను చూసింది, వేలు తీసుకెళ్లి మొదటి బొమ్మ మీద పెట్టింది. నమ్మలేక అతని నవ్వు జారిపోగానే, మళ్లీ అతన్ని చూసి, ఆ వేలిని మెల్లగా జరుపుకుంటూ చివరి బొమ్మ మీదికి తెచ్చింది.