డ్రైవరు వైపు అద్దం

ఆదివారం పొద్దున తన కారు అద్దాలు తుడుస్తున్న గుమస్తా, డ్రైవరు వైపు తలుపు దగ్గర ఆగిపోయాడు. అద్దానికి లోపలివైపు నాలుగు వేళ్ళ ముద్రలు ఉన్నాయి.

కిందటి ఆదివారమే దాన్ని తడిగుడ్డతో ఒకసారి, పాత పేపరుతో ఒకసారి తళతళలాడేలా తుడిచాడు. ఆ తర్వాత కారు తియ్యనేలేదు. వారమంతా ఆఫీసు బస్సులోనే వెళ్ళాడు.

"నా కారు మీ తమ్ముడికి ఇస్తున్నావా?" అని లోపలికి వెళ్ళి భార్యని నిలదీశాడు.

"వాడికెందుకిస్తాను?" అంది ఆమె, పాపకి జడ అల్లుతూ. తల మాత్రం ఎత్తలేదు.

ఏదో దాస్తోందనుకున్నాడు. వెళ్ళి మళ్ళీ చూస్తే సీటు కూడా ముందుకి జరిపి ఉంది. పైగా ఆ వేళ్ళు సన్నవి. బావమరిదివైతే అరటిపళ్ళంత ఉంటాయి.

"ఒకసారి ఇలా రా. దీని మీద చెయ్యి పెట్టు."

ఆమె పెట్టింది. నాలుగు వేళ్ళూ అతికినట్టు సరిపోయాయి.

"నాకు తెలియకుండా ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ లేదు. డ్రైవింగ్ స్కూలావిడ వచ్చి వీధి చివరిదాకా నడపడం నేర్పుతోంది."

"నేనున్నానుగా, నీకెందుకు?"

ఆమె గొంతు తగ్గించింది. "పోయిన నెల పాపకి ఫిట్స్ వచ్చినప్పుడు మీరు ఆఫీసులో ఉన్నారు. దాన్నెత్తుకుని ఆటో కోసం పెద్దరోడ్డు దాకా పరిగెత్తాను. ఈ కారు పక్కనుంచే పరిగెత్తానండీ."

అతను చేతిలో గుడ్డ బకెట్లో పడేసి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

"తాళాలు తీసుకురా," అన్నాడు.