ఎర్ర తెర

రెండో దెబ్బకే సరుగుడు కర్ర చిట్లింది. నరసింహారావు దాన్ని విసిరికొట్టి ఇంకొకటి అందుకున్నాడు.

"చెప్పరా! తెర ఎవరికి అమ్ముకున్నావు?"

"నాకు తెలవదండి బాబూ. గంగమ్మతల్లి మీద ఒట్టండి."

నాగులు కాలేజీ అమ్మాయిల హాస్టలుకు వాచ్‌మన్. రేపల్లె అవతల సముద్రం మీద బతికినవాడు. పడవ పోయాక తెనాలి వచ్చి ఈ కొలువులో చేరాడు. నరసింహారావు మేనేజరు.

ఎల్లుండి కాలేజీ వార్షికోత్సవం. పొద్దున స్టోరుగది తెరిస్తే స్టేజీ తెర లేదు. చీరాల నేత. ఎరుపు, పసుపుపచ్చ అంచు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

తాళంచెవులు రెండే. ఒకటి నరసింహారావు ఇంట్లో క్యాలెండరు మేకుకు ఉంటుంది. రెండోది నాగులు మొలతాడుకు. ఇంక దొంగ ఎవరో వేరే చెప్పాలా?

అసలే నరసింహారావుకు తెల్లారినప్పటి నుంచీ చిరాగ్గా ఉంది. భార్య పోయాక ఇల్లు చూసుకునేది కూతురు రత్నమే. ఆ కాలేజీలోనే పి.యు.సి. చదువుతోంది. నిన్నటి నుంచి దూరంగా కూర్చుంది. ఇంట్లో కాఫీ చుక్క లేదు.

పైగా హాస్టల్లో చిన్న తేడా కూడా సహించడు. కిందటి నెల పెరటి దండేల మీద చింకిపేలికలు కనబడితే, "ఇది హాస్టలా, చాకిరేవా?" అని అన్నీ మూటగట్టించి నాగులు చేతే తగలబెట్టించాడు. ఏ అమ్మాయీ కిక్కురుమనలేదు.

ఇవాళా అంతే. వరండాలో వరసగా నిలబెడితే అందరూ తలలు వంచుకున్నారు.

"చూడండమ్మా, దొంగతనం చేస్తే ఏమవుతుందో!"

కర్ర నాగులు వీపు మీద పడింది. చొక్కా చిరిగి నెత్తురు చిమ్మింది.

"సార్, ఆ తెర..." అంటూ ఒకమ్మాయి అడుగు ముందుకేసింది. పక్కమ్మాయి ఓణీ పట్టుకు లాగింది.

"ఏంటమ్మా?"

ఆ పిల్ల మొహం కందిపోయింది. "ఏం లేదండి."

"చాలించండి బాబుగారూ, చచ్చిపోతాడు!" వంటామె మాణిక్యాంబ అడ్డం వచ్చింది.

"నీకూ వాటా ఉందా ఏంటి?"

ఆవిడ వెనక్కి తగ్గింది.

"ఏ చేత్తో తీశావురా తాళం?" నరసింహారావు నాగులు కుడిచెయ్యి లాగి గడప మీద అదిమిపెట్టాడు.

"చెయ్యి వదిలెయ్యండి బాబూ! కొలువు తీసెయ్యండి, పోతాను. చెయ్యి పోతే వల ఎట్టా లాగేదండి?"

కర్ర దిగింది. ఎముక విరిగిన చప్పుడు వరండా చివరిదాకా వినబడింది.

నరసింహారావు రొప్పుతూ ఇంటికొచ్చాడు. పెరట్లో నూతి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మూల చాప మీద ముడుచుకు కూర్చున్న రత్నం ఉలిక్కిపడింది.

"ఏంటి నాన్నా, ఆ నెత్తురు?"

"తెర దొంగ దొరికాడమ్మా. నాగులే. చెయ్యి విరగ్గొట్టాను, ఒప్పుకోడే!"

రత్నం చప్పున దండెం వైపు చూసింది.

అతను తువ్వాలు కోసం దండెం మీదికి చెయ్యి చాచాడు.

"నాన్నా, ముట్టుకోకు! మైల!"

అప్పటికే అతని చెయ్యి తగిలి ఆరేసిన చీర పక్కకు జారింది; దాని కింద, ఎవరి కంటా పడకుండా దాచి ఆరేసిన గుడ్డముక్కలు ఎర్రగా బారుగా వేలాడుతున్నాయి, చివరిదానికి ఇంకా పసుపుపచ్చ అంచు ఉంది.