గుర్తుతెలియని వ్యక్తి

రోజూ వార్తలు చూపించి కరెంట్ అఫైర్స్ చెప్పే ఏడో తరగతిలో టీవీ పగిలిపోయింది. దాని కింద దొరికిన డస్టర్ చేత్తో పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గుడ్లురిమింది.

"ఎవరు చేశారీ పని?"

క్లాస్ లీడరు పిల్ల లేచి గొంతు సవరించుకుంది. "మధ్యాహ్న విరామ సమయంలో గుర్తుతెలియని వ్యక్తి విసిరిన డస్టర్ తగిలి, టీవీ అక్కడికక్కడే ప్రాణాలు విడిచింది, మేడమ్."

"పేరు చెప్పవే!"

"పూర్తి వివరాలు ఇంకా తెలియాల్సి ఉంది, మేడమ్."

"ఏమ్మా, వార్తలు చూపించి మీరు నేర్పింది ఇదా?" అని పక్కనే నిలబడ్డ టీచర్‌ని కడిగేసి, డస్టర్‌ని సాక్ష్యంగా పట్టుకుపోయింది హెడ్‌మిస్ట్రెస్.

టీచర్ చెమట తుడుచుకుని ఆ పిల్ల పక్కకు చేరింది. "నిజంగా నువ్వేమీ చూళ్ళేదు కదే?"

"కిటికీలోంచి మొత్తం చూశాను, టీచర్. సీరియల్లో అత్తగారు కోడల్ని గెంటేస్తుంటే మీరు తట్టుకోలేకపోయారు."

"మరి... మేడమ్‌కి చెప్పేస్తావా?"

"ప్రస్తుతానికి చర్చలు సానుకూల వాతావరణంలో జరుగుతున్నాయి," అంటూ ఆ పిల్ల బోర్డు వైపు చూసింది.

డస్టర్ లేదు కాబట్టి, అక్కడ రాసి ఉన్న "రేపే పరీక్ష"ను టీచర్ అరచేత్తోనే తుడిచేసింది.