నలభై రెండు దగ్గర నడుం వాల్చిన నడుము

వంటిళ్లకు మాటలొచ్చిన కాలమది. గడప దాటినవాడి నడుమును చూపుతోనే కొలిచేసేవి. నలభై అంగుళాలు దాటితే నెయ్యి బంద్.

"నలభై రెండు. ఇవాళ కూడా నెయ్యి లేదండీ" అంది గుర్నాథంతో వాళ్ల వంటిల్లు.

మూడు నెలలుగా అదే మాట. పూర్వం జనం పొట్ట చేతపట్టుకుని తిరిగింది నింపుకోవడానికి. గుర్నాథం తిరుగుతున్నది తగ్గించుకోవడానికి. రోజూ సూర్యలంక దారిలో ఆరు మైళ్లు నడిచినా, నడుము మాత్రం నలభై రెండు దగ్గర నడుం వాల్చేసింది.

కొత్త ఆవకాయ కలిపి వారమైంది. మొగుడికి లేని నెయ్యి తనకెందుకని భార్య వకుళ కూడా ఉత్త ఆవకాయన్నమే తింటోంది, కారానికి కళ్లు తుడుచుకుంటూ. అది చూడలేకపోతున్నాడు గుర్నాథం.

"నువ్వు వేసుకోవే. నా మొండిపొట్ట పాపం నీకెందుకు?"

"పెంచింది నా వంటేగా, సగపాలు నాదే" అంటూ అతని నడుము చూసి ఆగింది వకుళ. "లుంగీకి అంత చుట్టేమిటండీ?"

"జారిపోతోందే. జారినప్పుడల్లా ఇంకో మడత పెడుతున్నా."

"ఎప్పట్నించీ?"

"మూడు నెలల్నించీ..." అంటూ నోరు తెరిచేశాడు గుర్నాథం.

వకుళ గోడలకేసి తిరిగి గట్టిగా అంది: "ఓసి పిచ్చి వంటిల్లూ! ఆయన చిక్కినకొద్దీ లుంగీ లావెక్కింది. నువ్వు కొలిచింది పొట్టని కాదే, బట్టని!"

గుర్నాథం మడతలన్నీ విప్పి, జారకుండా లుంగీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ముప్పై ఎనిమిది. మన్నించండి" అంది వంటిల్లు. నేతి అర తెరుచుకుంది.

కంచం ముందు కూర్చున్నాడే గానీ, కలుపుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వకుళే నెయ్యి పోసి కలిపి మొదటి ముద్ద అతని నోట పెట్టింది. రెండో ముద్దకు, "నువ్వు తిను" అని అతను అనేదాకా ఆగకుండా తన నోట్లోనే పెట్టుకుంది.