చెయ్యి తగిలితే

పీతాంబర్ తల గోడకు కొట్టుకున్న చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది. డ్రైవరు, కొత్తగా చేరిన మినతి పరుగెత్తుకొచ్చేసరికి కుంజబిహారి అతని గుండెల మీద మోకాలు వేసి కూర్చుని ఉన్నాడు.

"నా నమూనాల్లో ఎన్నిసార్లు వేలు పెట్టావు? చెప్పరా," అంటున్నాడు కుంజ. గొంతు కూడా పెంచలేదు. చూసేవాళ్ళకి అదే భయమేసింది.

కటక్ ఊరి చివర వరి మీద పరిశోధన చేసే చోటది. కుంజది మహానది దిగువన ఉన్న ఊరు. వాళ్ళ పొలాన్ని మూడేళ్ళలో రెండుసార్లు వరద మింగింది. వాళ్ళమ్మ దాచిన పాత వరి ఒకటుంది, పదిహేను రోజులు నీళ్ళలో మునిగినా చావదు. ఎందుకు చావదో తేలుస్తానని అమ్మకి మాటిచ్చి వచ్చాడు పిల్లాడు. ఆకులో చిన్న ఆర్‌ఎన్‌ఏలని ఉంటాయిట, కంటికి ఆననివి. ఎప్పుడు ఎదగాలో, ఎప్పుడు ఊపిరి బిగబట్టుకుని ఊరుకోవాలో మొక్కకి చెప్పేవి అవేనట. వాటిని పట్టాలంటే ఆకుని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, చిన్న రోట్లో వేసి పొడి కొట్టాలి. ఎంత అల్పప్రాణాలంటే, ఒట్టి చెయ్యి తగిలితే చాలు, పీలికలైపోతాయి. అందుకే ఆ పనంతా చేతులకి తొడుగులు వేసుకునే చేస్తారు. ఎవరి చెయ్యి తగిలిన జాడా మిగలకుండా రోళ్ళని కూడా రేకులో చుట్టి ముందురోజే పొయ్యిలో కాల్చి ఉంచుతారు.

కుంజ పదిసార్లు చేశాడు. పదిసార్లూ పరీక్షలో గీతలు రావలసిన చోట మసక మరకే వచ్చింది, అంటే అన్నీ పీలికలైపోయినట్టే. పక్క బల్ల పీతాంబర్‌కి మాత్రం ప్రతిసారీ గీసినట్టు గీతలు. ఈసారీ రాకపోతే నీ వరీ నీ బల్లా మినతికిస్తాను, నువ్వింటికెళ్ళు అని పెద్దసారు చెప్పేశారు. ఈ పొద్దున వచ్చిందీ మరకే.

"నేను తాకలేదు భాయినా," అన్నాడు పీతాంబర్, నెత్తురు మింగుతూ.

"మరి నీ రోలు అలమరాలో పెట్టి తాళమెందుకేస్తావు?"

"నా వస్తువు ఇంకొకళ్ళు ముట్టుకుంటే నాకు పడదు."

ఆ మాటతో కుంజకి పిచ్చెక్కింది. పొత్రం అందుకుని మూతి మీద ఒక్కటేశాడు. రెండు పళ్ళు నేల మీద దొర్లాయి. అంతటితో ఆగాడా? జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి, "ఈ చెయ్యేగా," అంటూ అతని కుడిచేతిని పొగలు కక్కే నత్రజని తొట్టిలో ముంచి పట్టుకున్నాడు. పీతాంబర్ అరుపు మధ్యలోనే తెగిపోయింది. డ్రైవరు లాగి పడేసేసరికి ఆ వేళ్ళు తెల్లగా, కర్రముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

అప్పుడొచ్చింది సుకాంతి మావుసి. పదహారేళ్ళుగా అక్కడ ఊడ్చి, కడిగి, సర్దే మనిషి, అందరికీ పిన్ని. కుంజంటే కడుపున పుట్టినవాడికన్నా ఎక్కువ. రోజూ డబ్బాలో పఖాళం, అదే చద్దన్నం, తెచ్చి దగ్గర కూర్చుని తినిపించేది. చిన్న గొట్టాల జోలికి వెళ్ళొద్దు మావుసీ అని అతను ఒక్కసారి చెప్పాడంతే, వాటి పక్కనుంచి నడిచినా చేతులు వెనక్కి కట్టుకునేది.

కుంజ ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. "ఎవరో ముట్టుకున్నారు మావుసీ. అంతా నాశనం చేశారు."

"ముట్టుకున్న చెయ్యి కుళ్ళి పడిపోను," అంది మావుసి, అతని మొహం మీది నెత్తురు కొంగుతో తుడుస్తూ.

పోలీసులు కుంజని తీసుకుపోయారు. ఆసుపత్రిలో పీతాంబర్‌కి మూడు వేళ్ళు తీసేశారు. స్పృహ వచ్చాక కూడా నేను తాకలేదనే అన్నాట్ట, ఒక్కరూ నమ్మలేదు.

వారం తిరక్కుండానే కుంజ వరి మినతి చేతికొచ్చింది. అతని ఊరి విత్తనంలో మిగిలింది ఆ ఒక్క కుండీ మొక్కలే. పొద్దున్నే బిక్కుబిక్కుమంటూ వచ్చిందా పిల్ల.

"భయంగా ఉంది మావుసీ. ఇదీ పోతే ఆ వరి సంగతి ఇంక తేలదు."

"నేనున్నానుగా తల్లీ. కుంజకి చేసినట్టే నీకూ అన్నీ అమర్చి పెడతాను. నువ్వెళ్ళి ఆకులు కోసుకురా."

మినతి అటు వెళ్ళగానే మావుసి పొయ్యి తలుపు తీసింది. రేకు చుట్టిన రోలుని బిడ్డనెత్తుకున్నట్టు బయటికి తీసి, బల్ల మీద పెట్టి, నెమ్మదిగా రేకు విప్పింది.

రోజూ కుంజ రోలుని తుడిచినట్టే, లోపలంతా కొంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ చుట్టేసింది.