ఆల్చిప్పల పేపరు

“ఇక్కడ ‘ద’ ఏది?” అన్నాడు ప్రొఫెసర్ ప్యో, ఎర్ర పెన్నుతో ఇంగ్లీషులో రాసిన కాగితాన్ని పొడుస్తూ.

బల్లకి ఇవతల నిలబడ్డ సోల్‌హీ వంగి చూసింది. “పోయినసారి పెట్టాను సార్. మీరే కొట్టేశారు.”

“పోయినసారి వాక్యం వేరు. ఇప్పుడు మారింది. ‘ద’ రావాలి. లేకపోతే ‘ఎ’ రావాలి. ఏదో ఒకటి రావాలి గదా.”

“ఏది రావాలో చెప్పండి సార్, అదే పెడతాను.”

ప్యో పెన్ను మూత పెట్టి తీశాడు. ఏది రావాలో ఆయనకీ ఖాయంగా తెలియదు.

పేపరులోని అసలు సంగతి చిన్నదే. ఆల్చిప్పలను కాల్చకుండా ఆవిరి మీద ఉడికించి, పొడి కొట్టి కాంక్రీటులో కలిపితే సముద్రపు ఉప్పు లోపలికి దిగదు, లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. ఆవిరి ఆలోచన సోల్‌హీది. పేపరు విదేశీ పత్రికలో వస్తేనే ఆమెకు డాక్టరేటు. ప్రయోగాలు ముగిసి ఏడాది దాటింది. పేపరు మాత్రం ప్యో గది గడప దాటలేదు.

“పంపేద్దాం సార్. తప్పులుంటే వాళ్ళే చెబుతారు. దిద్ది మళ్ళీ పంపుదాం.”

“నీ వయసులో నేనూ అలాగే అనుకుని పంపాను,” అన్నాడు ప్యో. “విషయం గురించి ఒక్క ముక్క రాయలేదు వాళ్ళు. ఇంగ్లీషు వచ్చిన మనిషి చేత రాయించి పంపండి అని తిప్పికొట్టారు. మా గురువుగారు ఆ ఉత్తరాన్ని అందరి ముందూ పైకి చదివించారు, నా చేతే. నా శిష్యురాలికి ఆ గతి పట్టనివ్వను.”

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే సోల్‌హీ ఎదురు చెప్పలేక కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆయనకు చెప్పకుండా పంపేసి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

చెర్రీ పూలు రాలిపోయిన వారంలో ఆమె ఫోను పట్టుకుని మళ్ళీ ఆ గదికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“ఇండోనేషియా వాళ్ళు పేపరు వేసేశారు సార్. ఆవిరి, ఆల్చిప్ప, అంతా మనదే.”

ప్యో కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని మొదటి పేరా చదివాడు. “ఇదేం ఇంగ్లీషు? కర్తకీ క్రియకీ పొంతన లేదు. వెతికినా ఒక్క ‘ద’ లేదు.”

“అచ్చయింది సార్,” అంది సోల్‌హీ.

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. ముందున్న బార్లీ టీ తాగబోయి, తాగకుండానే దించేశాడు.

“ఎవరికి చెప్పావు?”

“అంటే ఏమిటి సార్?”

“వాళ్ళకి ఆవిరి సంగతి కలలోకి రాలేదు గదా. మీ కాలం పిల్లలంతా పొద్దస్తమానం ఫోనుల్లో ఊరందరితో కబుర్లాడుతూనే ఉంటారు. ఎవరితో అన్నావో గుర్తు చేసుకో.”

“నేనెవరికీ చెప్పలేదు.”

“మరి గాలికి ఎగిరిపోయిందా?”

సోల్‌హీ జేబులోంచి ల్యాబు తాళంచెవి తీసి టీ కప్పు పక్కన పెట్టింది. తలుపు దాకా వెళ్ళి ఒకసారి ఆగింది. ఉండమని ఆయన అంటాడేమోనని చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వేసవి రాకముందే చదువు మానేసి, ఉల్సాన్‌లో ఒక సిమెంటు కంపెనీలో చేరిందని ఆయనకు తర్వాత ఎవరో చెప్పారు.

శరదృతువులో వాళ్ళ ఊళ్ళోనే, బూసాన్‌లో, పెద్ద సదస్సు జరిగింది. ఇండోనేషియాలోని మకాస్సర్ నుంచి, ఆ పేపరు రాసిన రిజాల్దీ అనే పరిశోధకుడు వచ్చి మాట్లాడాడు. వచ్చీరాని ఇంగ్లీషు, తడబాటు, మధ్యలో చేతులతో సైగలు. అయినా హాలంతా నోరు మెదపకుండా విని, చివర గట్టిగా చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చిన ప్యోకి తలుపు దగ్గరి స్టాల్లో సోల్‌హీ కనిపించింది. కంపెనీ యూనిఫాంలో, సిమెంటు నమూనాలు సర్దుతూ ఉంది.

“నాతో రా,” అన్నాడు.

“ఎందుకు సార్?”

“మన దగ్గర్నుంచి ఎవరు చెప్పారో అతని నోటితోనే చెప్పిస్తాను. నువ్వు కూడా విందువు గాని.”

సోల్‌హీ చేతులు తుడుచుకుంది. “పదండి. నాకూ తెలుసుకోవాలనే ఉంది.”

అడగవలసిన ప్రశ్నని ప్యో పొద్దుటినుంచీ లోలోపల వల్లిస్తున్నాడు. ప్రతి ‘ద’నీ దాని చోట పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తీరా ఆ మనిషి ఎదురుగా నిలబడేసరికి అన్నీ ఎటో పోయాయి.

“ఆవిరి... ఆల్చిప్ప... నీకు ఎవరు చెప్పి?” అన్నాడు, ముక్కలు ముక్కలుగా వచ్చిన ఇంగ్లీషులో.

రిజాల్దీ ఆయన్ని తేరిపార చూశాడు. వెంటనే ముఖం వెలిగిపోయింది. ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

“మీరు మరిచి, సార్? బ్యాంకాక్ మీటింగ్. వాన పడి, బస్సు ఆగి, నా పక్కన మీరు. అంతా మీరే నాకు చెప్పి. పేపరు ముందే వేసి ఉంటారు అని నేను అనుకుని. మీ పేరు రాయాలని ఆ పేపరు ఎన్ని చోట్లో వెతికి. దొరకలేదు.”

ప్యో చేతులు అతని చేతుల్లోనే ఉండిపోయాయి. పక్కనే నిలబడ్డ సోల్‌హీ వైపు తల తిప్పలేకపోయాడు.

“నా ఇంగ్లీషు చెడ్డది సార్,” అన్నాడు రిజాల్దీ సిగ్గుపడుతూ. “కానీ ఆ రోజు మీరు మాట్లాడితే, ఒక్క మాట కూడా నాకు అర్థం కాకుండా పోలేదు.”