కలలో వచ్చే మనిషి

“ఆ రాక్షసి మళ్ళీ కల్లోకొచ్చింది డాక్టరమ్మా! మా పాప మొహంమీద దిండు పెట్టబోయింది. భయమేసి పాపని అక్క దగ్గర దింపేశాను. మళ్ళీ ఎప్పటికి తెచ్చుకుంటానో!”

జ్యూరిక్‌లో సగం ఊరి కలలు విన్న ఎగ్లి డాక్టరమ్మ, నేను కలలు రాసుకునే పుస్తకం నా చేతికే ఇచ్చారు.

“ఆ మనిషివి నువ్వే అనుకుని చదువు, వ్రేనీ.”

“ఛీ! నేనా?”

“ఒక్కసారి.”

“నేను గదిలోకొచ్చాను. దిండు తీశాను. ఇక ఏడవకే పీడా, మూడు నెలలైంది, ఒక్క గంట పడుకోనివ్వవే!”

ఆగిపోయాను. ఆ చివరి మాటలు పుస్తకంలో లేవు.

“నా బిడ్డని నేనే చంపుకుంటానా?”

“నిద్ర కావాలంటున్నావు. ఎవరికైనా చెప్పావా?”

“మంచి తల్లి అలా అంటుందా?”

ఆవిడ ఫోను నా ముందుకు జరిపారు.

“అక్కా,” అన్నాను నంబరు కలిపి, “పాపని తీసుకురా. నువ్వూ ఉండిపో. నావల్ల కావట్లేదు.”